మా పెట్టె కాదంది

“ఆ ఒక్కరూ ఈ ఇంట్లోనే ఉన్నారు,” అంది నూలా, టీ కప్పు బల్ల మీద ఠక్కున పెడుతూ. “బయట వెతకక్కర్లేదు.”

వంటింట్లో ఉన్న ముగ్గురూ తలెత్తలేదు. తండ్రి ఫెలిమ్ డాకరీ పేపరు వెనక దాక్కున్నాడు. తల్లి కాన్సెప్టా సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల తొక్క తీస్తోంది. నాయనమ్మ డీలియా పొయ్యి పక్క కుర్చీలో జపమాల పట్టుకుని కూర్చుంది. ఆవిడ పెదాలు కదలడం మానేసి చాలాసేపయింది. చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి.

దాక్కోవడానికి ఫెలిమ్ ఎంచుకున్న చోటు కూడా అంత మంచిదేం కాదు. ఆ ఆదివారం పేపరు మొదటి పేజీ నిండా ఐర్లండ్ పటమే. ఆడవాళ్ళు ఆడవాళ్ళని, మగవాళ్ళు మగవాళ్ళని పెళ్ళాడవచ్చా అని దేశాన్ని అడిగారు. అవునన్న చోటల్లా నీలం రంగు వేశారు. పటమంతా నీలమే. నడిమధ్యలో ఒక్క ఎర్ర మచ్చ. అది మేము. మా రాస్‌కామన్ కౌంటీనూ, మాకు అంటగట్టిన లీట్రిమ్ దక్షిణపు ముక్కానూ.

డబ్లిన్ వాళ్ళు అవునన్నారంటే సరే, వాళ్ళు దేనికైనా అంటారు. మేయో వాళ్ళూ అన్నారు. డోనెగాల్ వాళ్ళు, కావన్ వాళ్ళు చచ్చీచెడీ గీత దాటారు. మేమొక్కళ్ళమే ఇవతల మిగిలిపోయాం. పొద్దుటి నుంచి రేడియోలో డబ్లిన్ కుర్రాడొకడు మా కౌంటీ పేరెత్తడం, నవ్వడం. మా పేరు రేడియోలో రావాలంటే ఫుట్‌బాల్లోనైనా గెలవాలి, ఇలాంటి ఘనకార్యమైనా చేయాలి. ఫుట్‌బాల్లో గెలిచి ఎన్నాళ్ళయిందో ఇక్కడ చెప్పను.

అయితే నూలా బాధ కౌంటీ గురించి కాదు. క్లూన్‌గారీ గురించి. మా ఊరి బడిలో పెట్టిన మా ఊరి ఓట్ల పెట్టె గురించి.

నూలా పెళ్ళాడబోయేది క్లీనాని. క్లీనా వాళ్ళమ్మ హిలరీ ప్రెండెవిల్ డబ్లిన్ మనిషి, సముద్రం ఒడ్డున ఇల్లు. పోయిన నెల ఆవిడ టీ పోస్తూ, “పెళ్ళి ఇక్కడే హోటల్లో చేసుకోండమ్మా, మీ ఊళ్ళో వాళ్ళు ముఖం తిప్పుకుంటే చూడలేను,” అంది. నూలాకి రోషం వచ్చింది. మా ఊరు అవునంటుంది, అంటే పెళ్ళి మా ఊరి హాల్లో, లేకపోతే మీ హోటల్లో అని పందెం కట్టి చేయి కలిపి వచ్చింది. ఆ హాలు ఫుట్‌బాల్ మైదానం పక్కనే. చిన్నప్పటి నుంచి నూలా గోలు కాసింది అక్కడే. తన పెళ్ళికి జనం అక్కడ లేచి చప్పట్లు కొట్టాలని దాని కోరిక. ఇంట్లోంచి నూలాని చేయి పట్టుకుని హాలు దాకా నడిపించాలని ఫెలిమ్ కోరిక. పైకి ఎప్పుడూ అనలేదు గాని, దానికోసం కొత్త బూట్లు కొన్నాడు.

నిన్న మా పెట్టె కాదంది. ఒకే ఒక్క ఓటు తేడాతో.

ఇవాళ మధ్యాహ్నం భోజనానికి హిలరీ వస్తోంది.

“ఈ ఇంట్లోనే అని ఎలా అంటావే?” అన్నాడు ఫెలిమ్ పేపరు దించకుండా.

“నువ్వన్నావు కాబట్టి. రాత్రి దొడ్లో ఆవులకి చెప్పుకుంటుంటే విన్నాను.”

ఫెలిమ్ పేపరు ఇంకాస్త పైకెత్తాడు. లెక్కింపు హాల్లో పెట్టెలు తెరిచి కాగితాలు విప్పుతుంటే, కంచెకి ఇవతల మెడ సాచి నిలబడి, ఏ ఓటు ఎటు పడిందో కంటితో పట్టి గీతలు గీసే పార్టీ మనుషులుంటారు. అందులో మా ఫెలిమ్ మొనగాడు. పెట్టె ఏ ఊరిదో తెలుసు, ఊళ్ళో ఎవరెవరున్నారో తెలుసు. ఇక రహస్య ఓటు ఎంత రహస్యమో మీరే ఊహించుకోండి. పెట్టె తెరవకముందే లెక్క చెప్పేవాడు, తెరిచాక అదే తేలేది.

ఈసారి కూతురి కోసం టోపీ చేత్తో పట్టుకుని గడప గడపా తిరిగాడు. ఆవుల ధర గురించి తప్ప నాలుగు ముక్కలు కలిపి మాట్లాడని మనిషి! శుక్రవారం పోలింగులో ఓట్లు రెండు. తెల్ల కాగితం పెళ్ళి సంగతి. ఆకుపచ్చ కాగితం, ఇరవయ్యొక్కేళ్ళ వాడు దేశాధ్యక్షుడు కావచ్చా అని. ఆ రెండోది ఎవరికి కావాలో ఎవరికీ తెలియదు. “తెల్లది అవును, పచ్చది కాదు. తెల్లది అవును, పచ్చది కాదు,” అని ప్రతి ఇంట్లో చెప్పి టీ తాగి వచ్చాడు. కాదనేవాళ్ళు ముఖం మీదే చెప్పారు. బార్ట్లీ టైగ్ అయితే “నేను కాదంటాను ఫెలిమ్, ఏమీ అనుకోకు, ఇదిగో గుడ్లు పట్టుకుపో,” అన్నాడు. అన్నీ కూడితే ఒక్క ఓటుతో అవునని తేలింది. కంచె దగ్గర అందరికీ చాటింపు వేశాడు కూడా.

ఒక్క ఓటుతో కాదని వచ్చింది. అంటే ఇటు ఉండాల్సిన ఒక్కరు అటు పోయారు. ఊరంతా అడిగాడు, ఒక్క ఇల్లు తప్ప. తన ఇల్లు.

“క్లీనాకి ఫోన్ చేసొస్తాను,” అంది నూలా. “నేను తిరిగొచ్చేసరికి ఎవరో చెప్పేయండి. చెప్పకపోతే ఇవాళే హోటల్‌కి సరేనంటాను. మళ్ళీ ఈ గడప తొక్కను.”

తలుపు దడాలున పడింది. ఫోన్ సిగ్నలు బయట గోడ పక్కన నిలబడితేనే అందుతుంది మా వైపు.

కాన్సెప్టా తొక్క తీస్తూనే ఉంది. పేపరు అంచు మీదుగా ఫెలిమే మొదలెట్టాడు.

“నిన్న లెక్కింపు హాల్లో ఒక తమాషా జరిగింది.”

“ఇప్పుడా తమాషాలు?” అంది కాన్సెప్టా.

“మన పెట్టెలోదే. ఆకుపచ్చ కాగితం. ఇరవయ్యొక్కేళ్ళ కుర్రకుంక అధ్యక్షుడు కావచ్చు, అవును, అని ఇంత పెద్ద గుర్తు! పక్కన ఎర్రగా పెదాల ముద్ర. లిప్‌స్టిక్కు! ముద్దు పెట్టింది ఎవత్తో. కంచె దగ్గర అన్ని పార్టీల వాళ్ళం పగలబడి నవ్వాం. ఆ కాగితం చెల్లుతుందా లేదా అని అధికారి తల పట్టుకున్నాడు.”

“అధ్యక్షుడవుతానంటున్న ఆ పిల్లాడు బాగుంటాడేమో,” అంది డీలియా.

“ఏ పిల్లాడూ లేడమ్మా. అది చట్టం.”

“లేడా? నేను అవునని వేశానే!”

“పచ్చదాని మీదా?”

“రెండిటి మీదా. అడిగినవాళ్ళని కాదనడం నాకు చేతకాదు.”

ఫెలిమ్ ముఖం కాస్త తేటపడింది. తనది ఎలాగూ ఇటే, ఇప్పుడు అమ్మదీ ఇటే. అంటే మిగిలింది... అతను మెల్లగా భార్య వీపు వైపు చూశాడు. రోజూ చర్చికి వెళ్ళే వీపు. ఫాదర్ మకావీ ఆ పెళ్ళిళ్ళు వద్దని ఆదివారం ఆదివారం చెబుతుంటే ముందు వరసలో కదలకుండా కూర్చున్న వీపు.

“కాన్సెప్టా.”

“అడగకు.”

“నేనేమీ అడగలేదు.”

“అడగబోతున్నావు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క ఎన్నికలో నీకు చెప్పానా? ఇప్పుడూ చెప్పను. పెన్సిలు పట్టుకుని ఆ ఓటు తెర వెనక ఒంటరిగా నిలబడ్డ ఆ నిమిషం ఒక్కటే ఈ ఊళ్ళో నాకంటూ ఉన్నది. అందులోకి కూడా మెడ సాచి చూస్తావా?”

“చెప్పకపోయినా నాకు తెలియదా! ప్రతిసారీ నిన్ను మన పార్టీ లెక్కలోనే వేస్తున్నాను.”

కాన్సెప్టా వెనక్కి తిరిగింది. చేతిలో చాకు, కళ్ళలో జాలి.

“వేసుకో. ఎవరొద్దన్నారు?”

“అంటే?”

“అంటే ఏమీ లేదు.”

“కాన్సెప్టా! మన పార్టీకి వేస్తున్నావుగా?”

ఆవిడ మళ్ళీ సింకు వైపు తిరిగింది. కూతురి పెళ్ళి సంగతి, కౌంటీ పరువు సంగతి ఒక్క క్షణం ఫెలిమ్ బుర్రలోంచి ఎగిరిపోయాయి. ఇన్నేళ్ళుగా ఒకే మంచం మీద అవతలి పార్టీతో పడుకున్నాడా తను? కుర్చీలో అలాగే జారగిలబడిపోయాడు.

“నోరు మూసుకో ఫెలిమ్,” అంది డీలియా, అతను నోరు తెరవకపోయినా. “మీ నాన్నకీ నేనెప్పుడూ చెప్పలేదు.”

అప్పుడే నూలా లోపలికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“క్లీనా వాళ్ళు బయల్దేరి గంట దాటిందట. తేలిందా?”

డీలియా జపమాల గబగబా తిప్పసాగింది.

“నాయనమ్మా, నువ్వా?”

“నేనెందుకవుతానే! నా కాలిగోళ్ళు కత్తిరించిన పిల్ల క్లీనా. నా కడుపున పుట్టినవాళ్ళెవరైనా వంగారా నా కాళ్ళ దగ్గర? అయినా ఇదేమన్నా కొత్తా? మా పిన్ని కూతురు జోసీ, పోస్టాఫీసు మిస్ కార్టీ నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. చలికాలమంతా ఇద్దరికీ కలిపి ఒక్కటే వేణ్ణీళ్ళ సంచీ. రబ్బరు ఆదా చేస్తున్నారనుకున్నామా?”

మరో రోజయితే నూలా పడి పడి నవ్వేది. ఇవాళ తల్లి వైపు తిరిగింది.

“అయితే నువ్వే అమ్మా.”

కాన్సెప్టా ఇంకో బంగాళాదుంప అందుకుంది.

“కాదని ఒక్క మాట అనమ్మా. చాలు. నమ్మేస్తాను.”

“అడిగితే చెప్పను.”

“నేను నీ కూతుర్ని!”

“అందుకే చెప్పను. నీకు పుట్టుమచ్చ ఎక్కడుందో తెలిసినదాన్ని. నీ మీద నా మనసేమిటో ఓటుతో రుజువు చేయాలా?”

ఈ మాటకి నూలా తల్లి వైపు ఒక అడుగు వేసింది. కానీ డాకరీ వాళ్ళ మొండితనం ఎక్కడికి పోతుంది.

“నా సంగతి తెలుసా మీకు? శుక్రవారం డబ్లిన్ రైలు ఆలస్యమయింది. స్టేషను నుంచి బడి దాకా పరిగెత్తాను. తలుపులు మూసేస్తుంటే అడ్డం పడి లోపలికెళ్ళాను. హాన్లీ మాస్టారు ఉన్నారు లోపల, నాకు ఎక్కాలు నేర్పిన మాస్టారు. ‘వచ్చావా నూలా,’ అని రెండు కాగితాలూ కలిపి చేతిలో పెట్టారు. అంతే, ఏడుపొచ్చేసింది. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనపడదు. ముందు ఆ కుర్ర అధ్యక్షుడి పీడ వదిలించుకుందామని పైదాని మీద టక్కున కాదు గీసి పారేశాను. తర్వాత తీరిగ్గా మనది తీసుకున్నాను. అవును మీద ఇంత పెద్ద గుర్తు పెట్టి... నవ్వకండి... ముద్దు పెట్టాను దానికి. రైల్లో లిప్‌స్టిక్ వేసుకుని మరీ వచ్చాను.”

ఎవరూ నవ్వలేదు.

పేపరు ఫెలిమ్ ఒళ్ళోకి జారింది. కాన్సెప్టా చేతిలో బంగాళాదుంప నీళ్ళలో పడింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పార్టీలు వేరైనా ఆ క్షణంలో ఇద్దరి లెక్కా ఒకటే.

“అయితే ఆ పచ్చ—” అని మొదలెట్టింది డీలియా.

కాన్సెప్టా చటుక్కున ఎండుద్రాక్ష రొట్టె ముక్క తీసి అత్తగారి నోట్లో పెట్టింది. “తినండత్తయ్యా, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మీరు.”

“ఏ పచ్చ?” అంది నూలా.

“పచ్చ బఠాణీలు,” అన్నాడు ఫెలిమ్. “బఠాణీలు ఉడికించలేదు ఇంకా.”

“నేనిక్కడ ప్రాణం పెట్టి చెబుతుంటే బఠాణీలా! సరే. ఒక్క మాట వినండి. ఆ ఓటు వేసినవాళ్ళెవరైనా సరే, చచ్చేదాకా క్షమించను.”

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల నిలబడ్డ తీరు చూస్తే ఫెలిమ్‌కి గుండె తరుక్కుపోయింది. చిన్నప్పుడు తన పొరపాటుతో గోలు పడితే వారం రోజులు అన్నం ముట్టేది కాదు. ఇది తెలిస్తే? అందులోనూ హిలరీకి తెలిస్తే? ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి పుట్టినరోజుకీ, మనవలు పుడితే వాళ్ళ ముందూ, తన పెళ్ళికి తనే కాదని ఓటేసిన కోడలి కథ డబ్లిన్ అంతా చెబుతుంది ఆవిడ. బాగా చెబుతుంది కూడా. అదే భయం.

బయట కారు ఆగింది.

హిలరీ ప్రెండెవిల్ చేతిలో పూలతో వచ్చింది. వెనక క్లీనా, పొడుగ్గా, నెమ్మదిగా, ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేనట్టు. నూలాని గట్టిగా పట్టుకుంది. డీలియా చేతిని ముద్దు పెట్టుకుంది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మాంసం కోశారు, గ్రేవీ గిన్నె చేతులు మారింది, వాతావరణం గురించి అనాల్సినవన్నీ అనేశారు.

“దారంతా చూశాను డాకరీ గారూ,” అంది హిలరీ. “షానన్ నది దాటేదాకా అన్ని ఊళ్ళూ మామూలుగానే ఉన్నాయి. దాటాక కూడా మామూలుగానే ఉన్నాయి. ఇక్కడి మనుషులు ఇలా వేశారంటే నమ్మలేం.”

“ఇక్కడి నీళ్ళు అలాంటివి,” అన్నాడు ఫెలిమ్.

“మా వీధిలో కాదన్న ఇల్లు ఒక్కటే. పాపం, వాళ్ళు ఇల్లు అమ్మకానికి పెట్టారు.”

“ఎంతకి?” అంది డీలియా.

“అమ్మా,” అంది క్లీనా హిలరీతో, “ఇక ఆపు.”

“నేనేమన్నానే? ఒక్క ఓటే కదా అంటున్నాను. పోనీ, ఎవరో తెలిసిందా?” హిలరీ కళ్ళు బల్ల చుట్టూ తిరిగి డీలియా దగ్గర ఆగాయి. గొంతులో తేనె పోసుకుంది. “పెద్దవాళ్ళకి ఇవన్నీ అర్థం కావు లెండి. మనం ఏమీ అనుకోకూడదు.”

డీలియా ఫోర్కు కింద పెట్టింది. “నాకా అర్థం కానిది? నాకా? చూడమ్మాయ్, ఆ పచ్చ—”

“నేనే వేశాను,” అన్నాడు ఫెలిమ్.

గది గదంతా అతని వైపు తిరిగింది. జీవితంలో ఒక్క తప్పుడు లెక్క చెప్పని మనిషి. అబద్ధం అలవాటు లేక చెవులు కందగడ్డలయ్యాయి. అందరూ దాన్ని సిగ్గనుకున్నారు.

“నువ్వా?” అంది నూలా.

“ఊరంతా తిరిగాను గాని, తీరా పెన్సిలు పట్టుకున్నాక చేయి రాలేదు.”

“నాన్నా. నా ముఖం చూసి చెప్పు.”

అతను చూశాడు. ఎలా చూడగలిగాడో అతనికే తెలియాలి.

“నేనేనమ్మా.”

నూలా కుర్చీ వెనక్కి తోసి లేచింది. అరవలేదు. అరిచినా బాగుండేది. “హోటల్‌కి సరే ఆంటీ,” అని హిలరీతో చెప్పి బయటికి నడిచి వాళ్ళ కారులో డ్రైవరు సీట్లో కూర్చుంది. క్లీనా వెనకే పరిగెత్తింది.

హిలరీ ముఖంలో గెలిచిన సంతోషం ఎంత వెతికినా కనపడలేదు. గ్రేవీ గిన్నె మెల్లగా ఫెలిమ్ వైపు జరిపింది. “మీరు చెప్పకుండా ఉండాల్సిందండీ,” అంది చిన్నగా. “ఇలాంటివి చెప్పకూడదు.”

“ఎందుకు చేశావీ పని?” అంది కాన్సెప్టా భర్త చెవిలో.

“నా మీద కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుంది. దాని మీద దానికొచ్చే కోపం తగ్గదు, దాన్ని నేనెరుగుదును.”

వాకిట్లో అడుగుల చప్పుడు. క్లీనా ఒక్కతే వచ్చింది. గుమ్మంలోనే ఆగింది.

“మీరు పెళ్ళికి రాకూడదంటోంది, డాకరీ గారూ. మీరు లేకుండా నేను చేసుకోనన్నాను. అయితే పెళ్ళే వద్దంటోంది.” అంతసేపూ బిగబట్టుకున్న మనిషి అక్కడే, గుమ్మంలోనే, చేతుల్లో ముఖం దాచుకుంది. “ఎవరైనా ఒకసారి రండి. నా మాట వినడం లేదు.”

ఫెలిమ్ ముఖం పాలిపోయింది. ఈ సంగతి అతని లెక్కలో లేదు.

కాన్సెప్టా ఆప్రాన్ విప్పి కుర్చీకి తగిలించింది.

“వద్దు కాన్సెప్టా,” అన్నాడు ఫెలిమ్. “చెప్పకు దానికి.”

ఆవిడ వెనక్కి చూడలేదు. వాకిలి దాటి, కారు తలుపు తీసి, కూతురి పక్కన కూర్చుని తలుపేసుకుంది. కిటికీలోంచి చూస్తే ఆవిడ పెదాలు కదలడం కనిపించింది. ఎంతోసేపు కాదు, రెండు మూడు మాటలే. నూలా తల ముందుకు వాలిపోయి స్టీరింగు మీద పడింది.

హారన్ మోగింది. మోగుతూనే ఉంది. దొడ్లో ఆవులు అరిచాయి. రోడ్డు అవతల బార్ట్లీ టైగ్ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఏమిటిది? ఏమైంది?” అంటూ హిలరీ లేచింది.

హారన్ ఆగింది. కారు తలుపు తెరుచుకుంది. నూలా వాకిట్లోంచి తిన్నగా లోపలికొచ్చింది. ముఖమంతా తడి, ముక్కు ఎర్రగా. తండ్రి కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగి అతని భుజం మీద చేయి వేసింది. ఆ చేయి తీయకుండానే, ఎదురుగా ఉన్న హిలరీ వైపు తలెత్తింది.

“ఆంటీ, ఆ ఓటు మా నాన్నది కాదు.”

“కూర్చోవే,” అన్నాడు ఫెలిమ్ కంగారుగా. “బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి. కూర్చుని తిను!”

నూలా కూర్చోలేదు.